‘మిల్క్’ సినిమాను తెలుగువాళ్లకు చూపించాలంటే

తాను గే అని దాచుకోకుండా అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగర ఎన్నికల్లో గెలిచిన హార్వే మిల్క్ కథే ‘మిల్క్’. గస్ వాన్ శాంట్ 2008లో తీసిన ఈ సినిమా నిడివి 128 నిమిషాలు. పరిచయానికి 10, విరామానికి 15, చర్చకు 45 నిమిషాలు కలిపితే మూడు గంటల పైమాటే. మధ్యాహ్నం మూడున్నరకల్లా మొదలుపెడితే హాస్టల్లో ఉండేవాళ్లు గేటు మూసేలోగా చేరుకుంటారు. ఆలస్యమైతే చర్చను మాత్రం కుదించకండి.

ముందు అనుమతి సంగతి. ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికే. హాల్లో వేయాలంటే హక్కుదారు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కాలేజీ కార్యక్రమానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. అయితే చూసేవాళ్లు ఆ సంస్థ సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవాళ్లు మాత్రమే అయ్యుండాలి. ఊరంతటికీ పోస్టరు అంటిస్తే అది వర్తించదు. పెద్దవాళ్లకే చూపించండి.

తెలుగు సబ్‌టైటిళ్లు మీరే రాసుకుంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది అక్కడే. ‘సూపర్‌వైజర్’ అని అలాగే ఉంచితే మనవాళ్లకు మేస్త్రీ గుర్తొస్తాడు. మిల్క్ గెలిచిన పదవి మన కార్పొరేటర్‌కు దగ్గర. అక్కడి ‘డిస్ట్రిక్ట్’ జిల్లా కాదు, వార్డు. 1973, 1975లో నగరమంతా ఓటేసిన పద్ధతిలో ఓడిపోయిన మనిషి, వార్డులవారీ ఎన్నికలొచ్చాక 1977లో గెలిచాడు. ఈ తేడా తెలియకపోతే ఆ గెలుపు ఎలా వచ్చిందో అర్థం కాదు. ‘కమింగ్ అవుట్’ను ‘బయటపడటం’ అనకండి, దొంగతనం బయటపడినట్టుంటుంది. ‘తన గురించి తానే చెప్పుకోవడం’ అనండి. ‘స్వలింగ సంపర్కులు’ అనే పత్రికల మాట మనిషిని పడకకే పరిమితం చేస్తుంది. ‘గే’ చాలు.

సబ్‌టైటిళ్ల ఫైలును యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయండి, లేకపోతే తెరమీద ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి. సెకనుకు 25 ఫ్రేముల కాపీకి చేసిన సబ్‌టైటిళ్లను 24 ఫ్రేముల కాపీకి పెడితే చివరికొచ్చేసరికి మాటకూ రాతకూ ఐదు నిమిషాల ఎడం వస్తుంది. అందుకే మొదటి పది నిమిషాలతో పాటు ఆఖరి పది నిమిషాలూ వేసి చూసుకోండి. ఒత్తులు విడిపోతున్నాయేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

చర్చను ప్రపోజిషన్ 6తో మొదలుపెట్టండి. గే టీచర్లనూ, వాళ్లను సమర్థించేవాళ్లనూ ప్రభుత్వ బడుల నుంచి తీసేయాలన్న ప్రతిపాదన అది. 1978 నవంబరు 7న కాలిఫోర్నియా ఓటర్లు 58 శాతం మంది దాన్ని తిరస్కరించారు. మూడు వారాలు తిరక్కుండానే, నవంబరు 27న, మేయర్ జార్జ్ మాస్కోనీతో పాటు మిల్క్‌ను కాల్చి చంపారు. తర్వాత మన దగ్గరికి రండి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు పెద్దల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధాన్ని ఐపీసీ 377వ సెక్షన్ కింద నేరం కాకుండా తప్పించింది. 2023 అక్టోబరు 17న అదే కోర్టు స్వలింగ జంటల పెళ్లి హక్కును గుర్తించలేదు. ఆ కేసులో ముందు నిలిచింది హైదరాబాద్ జంటే. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వారెంటు లేకుండా పట్టుకెళ్లనిచ్చిన 1919 నాటి నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసిందీ 2023లోనే.

ఇక అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సిన చోటు. గే మనిషి ఒక్కరైనా తమకు తెలుసని గ్రహించినవాళ్లు గేలకు వ్యతిరేకంగా ఓటేయరని మిల్క్ నమ్మాడు. అందుకే ఇంట్లో, ఆఫీసులో చెప్పమన్నాడు. సినిమా చూసిన ఊపులో మీరూ అదే పిలుపు ఇస్తే ప్రమాదం. చెప్పిన రాత్రే ఇల్లు వదలాల్సి వస్తే ఆ పిల్లాడు ఎక్కడ పడుకోవాలి? ఫీజు ఎవరు కట్టాలి? ఆ ఏర్పాటు మీ దగ్గర లేనప్పుడు ఎవరినీ తొందరపెట్టకండి. ‘మీలో ఎవరైనా ఉన్నారా’ అని అసలు అడగొద్దు. ఫొటోలు వద్దని తలుపు దగ్గరే చెప్పండి, హాజరు పట్టీ పెట్టకండి. ప్రశ్నలు పేరు లేని చీటీల మీద తీసుకుని మీరే చదవండి. ఆ చీటీలను ఆ రాత్రే చింపేయండి, చేతిరాత గుర్తుపట్టేవాళ్లుంటారు.