క్రిస్మస్ రద్దీలో పాత రాంచ్ డ్యూటీ: బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

టెక్సస్‌లో హ్యూస్టన్ పక్కన, రిచ్‌మండ్ దగ్గరి జార్జ్ రాంచ్ (పాతకాలపు పశువుల క్షేత్రం బతుకును వేషాలతో, వంటలతో చూపించే మ్యూజియం) లాంటి చోట డిసెంబరులో వాలంటీరుగా పేరిచ్చారా? వెళ్లేముందు ఇవి చూసుకోండి.

– అన్నిటికన్నా ముందు నిప్పు. పాతకాలపు పొడవాటి గౌనుతో పొయ్యి దగ్గర నిలబడేవాళ్లకు నూలు గానీ ఉన్ని గానీ తప్పనిసరి. పాలిస్టర్ అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుపోతుంది. వంగి గరిటె తిప్పేటప్పుడు గౌను అంచు బొగ్గుల మీదికి జారినా మనకు తెలియదు. అందుకే అంచు పైకి దోపుకోండి, నీళ్ల బకెట్ ఎక్కడుందో ముందే చూసుకోండి.

– ఇనప గిన్నె మూత ఎంత కాలినా నల్లగానే కనిపిస్తుంది, పిల్లలు చెయ్యి పెట్టేస్తారు. పొయ్యి చుట్టూ తాడు కట్టాకే జనాన్ని రానివ్వండి.

– గేటు మూసి ఉంటే, దాటగానే మళ్లీ మూసి గొళ్లెం పెట్టండి. పొడుగు కొమ్ముల లాంగ్‌హార్న్ ఆవు నెమ్మదైనదే, కానీ తల తిప్పితే ఆ కొమ్ము ఎంత దూరం వస్తుందో పసివాళ్లకేం తెలుసు!

– జార్జ్ రాంచ్‌లోని 1890ల నాటి డేవిస్ మేడలోకి కాఫీ కప్పు తీసుకెళ్లొద్దు. పాత చెక్క మీద మరక పడితే పోదు.

– టార్చి మరవకండి, అయిదున్నరకే చీకటి పడుతుంది.