పాత ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ వేసుకోవడం ఎలా? ఉన్న ఫైళ్లు పోకుండా, విండోస్ మళ్లీ ఎక్కించకుండా

గత ఏడెనిమిదేళ్లలో మా చుట్టాలవీ, ఇరుగుపొరుగు వాళ్లవీ కలిపి యాభైకి పైగా ల్యాప్‌టాప్‌లలో హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ (చిప్‌ల మీద పనిచేసే కొత్తరకం డిస్క్) వేశాను. వాటిలో పది పన్నెండు ఎవరో ఒకరు సగం చేసి చెడగొట్టాక నా దగ్గరికి వచ్చినవే. అన్నింట్లోనూ దాదాపు ఒకటే తప్పు. స్క్రూలు సరిగ్గానే విప్పారు, డిస్కూ సరిగ్గానే బిగించారు. మధ్యలో, పాత డిస్క్‌ను కొత్తదాంట్లోకి కాపీ చేసే ప్రోగ్రామ్ చూపించే ఒక్క స్క్రీన్ దగ్గర తొందరపడ్డారు. ఆ స్క్రీన్ గురించి చెప్పడానికే ఇంత రాస్తున్నాను. మిగతాదంతా స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా చేసుకోగలరు.

ముందు ఈ పని మీకు అవసరమో కాదో చూసుకోండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ పక్కన హెచ్‌డీడీ (హార్డ్ డిస్క్) అని ఉండి, కంప్యూటర్ ఆన్ చేసిన పది నిమిషాలకు కూడా అది 100 శాతం దగ్గరే ఉంటే, మీ ల్యాప్‌టాప్ ముసలిదైపోలేదు, డిస్క్ దాన్ని వెనక్కి లాగుతోందని అర్థం. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరిగేవి. ప్రతి చిన్న ఫైలు కోసం లోపలి ముల్లు అటూ ఇటూ కదలాలి, పళ్లెం తిరిగి దాని కిందికి రావాలి. ఎస్‌ఎస్‌డీలో కదిలేదే లేదు. పాత హార్డ్ డిస్క్ సాకెట్‌లోనే పట్టే మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ కూడా సెకనుకు 500 ఎంబీకి పైగా చదువుతుంది, పాత డిస్క్ 100 దాటితే గొప్ప. ర్యామ్ పెంచుకోమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. 4 జీబీ ఉంటే అదీ పెంచండి, కానీ ముందు ఎస్‌ఎస్‌డీ, తర్వాతే ర్యామ్.

ఏం కొనాలి

2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి, దాన్ని యూఎస్‌బీకి కలిపే సాటా కేబుల్ ఒకటి, చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, 8 జీబీ పెన్‌డ్రైవ్. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అయినా, మీ ఊరి కంప్యూటర్ షాపులో అయినా ఇవన్నీ దొరుకుతాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో చిన్న పట్టీలా ఉండే ఎస్‌ఎస్‌డీ పట్టే ఎం.2 స్లాట్ కూడా ఉంటుంది. మీ మోడల్ పేరు కొట్టి వెతికితే తెలిసిపోతుంది. ఇక్కడ నేను 2.5 అంగుళాల దాని గురించే చెబుతున్నాను.

సైజు విషయంలో ఒక్క మాట. కొత్తది పాతదానికి సమానంగానైనా ఉండాలి, పెద్దదిగానైనా ఉండాలి. మీ పాత డిస్క్ 500 జీబీ అయితే 480 జీబీది కొనకండి. ఇరవై జీబీ తేడాతో ఏం పోతుందిలే అనిపిస్తుంది. కాపీ చేసే సాఫ్ట్‌వేర్ మాత్రం మొహమాటం లేకుండా కుదరదంటుంది. అప్పుడు పార్టిషన్లు (సీ, డీ డ్రైవ్‌ల్లాంటి డిస్క్ భాగాలు) కుదించాలి, ఆ పనిలో మళ్లీ రెండు రిస్కులు. 500 లేదా 512 తీసుకోండి. 1 టీబీ డిస్క్ ఉంటే 1 టీబీ ఎస్‌ఎస్‌డీయే తీసుకోండి.

విండోస్ కొత్తగా ఎందుకు ఎక్కించకూడదు

"ఫ్రెష్‌గా వేసుకుంటే క్లీన్‌గా ఉంటుంది" అని షాపుల్లో చెబుతారు. వాళ్లకు అది అరగంట పని. మీకు మాత్రం ఆ తర్వాత పది రోజుల పని. డీటీపీ సెంటర్ నడిపే ఒకాయన కంప్యూటర్‌లో అను ఫాంట్లు, పేజ్‌మేకర్ 7, ఆయన పదిహేనేళ్లుగా దాచుకున్న శుభలేఖల టెంప్లేట్లు ఉన్నాయి. ఆ సీడీలు ఇప్పుడు ఆయన దగ్గర లేవు. ఎక్కించి ఇచ్చిన కుర్రాడు ఊళ్లోనే లేడు. ఆ కంప్యూటర్‌లో ఫ్రెష్‌గా విండోస్ వేస్తే పెళ్లిళ్ల సీజన్‌లో ఆయన షాపు మూసుకోవాల్సిందే. క్లోనింగ్ చేస్తే ఆ సమస్య రాదు. పాత డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టుగా, డెస్క్‌టాప్ మీది ఐకాన్లు కూడా అదే చోట, కొత్తదాంట్లోకి వచ్చేస్తాయి. వైరస్ పట్టి ఉంటే తప్ప కొత్త విండోస్ జోలికి పోవద్దు.

ఎస్‌ఎస్‌డీ వేసినంత మాత్రాన మీ విండోస్ వెర్షన్ మారదన్నది మాత్రం గుర్తుంచుకోండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ల్యాప్‌టాప్‌లో ఉండాలి. ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ గానీ, ఆ పైది గానీ ఉండాలి. మీ ల్యాప్‌టాప్‌కు ఆ అర్హత ఉంటే ముందు ఎస్‌ఎస్‌డీ వేయండి, ఒక వారం వాడండి, తర్వాత 11కి వెళ్లండి. రెండూ ఒకే రోజు చేస్తే, ఏదైనా తేడా వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో తేలదు.

కాపీకి ముందు చేయాల్సినవి

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి పాత డిస్క్ ఆరోగ్యం చూడండి. 'గుడ్' అని నీలం రంగులో ఉంటే ముందుకు వెళ్లండి. పసుపు రంగులో 'కాషన్' అని వస్తే అక్కడే ఆగండి. ఆ డిస్క్‌ను గంటసేపు ఏకబిగిన చదివిస్తే మధ్యలోనే ప్రాణం పోవచ్చు. ముందు ఫొటోలు, పత్రాలు వేరేచోటికి తీసుకోండి.

'గుడ్' అని వచ్చినా సరే, పోతే తిరిగి రానివన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్, ట్యాలీ వాడేవాళ్లయితే ఆ డేటా ఫోల్డర్. క్లోనింగ్ ఎలాగూ చేస్తున్నాం కదా, బ్యాకప్ ఎందుకని చాలామంది అడుగుతారు. కింద చెప్పే పొరపాటు జరిగిన రోజున ఈ కాపీ ఒక్కటే మిగులుతుంది.

తర్వాత డివైస్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌లో ఉన్నదాన్ని కీ లేకుండా ఎవరూ చదవలేకుండా విండోస్ వేసే తాళం. సెట్టింగ్స్‌లో ఆ పేరుతో వెతికి, ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. డీక్రిప్షన్ పూర్తిగా అయ్యేదాకా ఆగండి. ఈ తాళానికి ఉండే బిట్‌లాకర్ రికవరీ కీ 48 అంకెలు ఉంటుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కీ లేక సొంత ల్యాప్‌టాప్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్లను చూశాను.

ఆఖరుగా, షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. మామూలుగా షట్‌డౌన్ చేస్తే విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న డిస్క్‌ను క్లోనింగ్ ప్రోగ్రామ్ ముట్టుకోదు.

క్లోనింగ్

నేను వాడేది క్లోనెజిల్లా అనే ప్రోగ్రామ్. ఉచితం, ఏ కంపెనీ డిస్క్ అయినా దానికి ఒకటే. ఎస్‌ఎస్‌డీ కంపెనీలు ఇచ్చే ప్రోగ్రామ్‌లు చూడ్డానికి అందంగా ఉంటాయి గానీ, చాలావరకు వాళ్ల డిస్క్ అయితేనే పనిచేస్తాయి. పైగా నడుస్తున్న విండోస్‌ను, అది నడుస్తుండగానే కాపీ చేస్తాయి. నాకు అది నచ్చదు. క్లోనెజిల్లా పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది కాబట్టి విండోస్ ఆ సమయంలో కదలదు, మెదలదు. రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, ముందే తీసేసుకోండి. ఆన్ చేస్తూ డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టే మెనూ వస్తుంది.

ఛార్జర్ పెట్టే ఉంచండి. బ్యాటరీ పోయిన ల్యాప్‌టాప్ అయితే ఇన్వర్టర్ ఉన్న ప్లగ్‌లోనే పెట్టండి. వేసవి మధ్యాహ్నం కరెంటును నమ్మి ఈ పని మొదలుపెట్టవద్దు.

మెనూలో భాష, కీబోర్డు అడుగుతుంది, ఉన్నవే ఉంచండి. తర్వాత వరుసగా డివైస్-డివైస్, బిగినర్, డిస్క్ టు లోకల్ డిస్క్ అన్నవి ఎంచుకుని ఎంటర్ నొక్కుకుంటూ ఇక్కడిదాకా రావచ్చు. ఇక్కడ చేతులు కీబోర్డు మీంచి తీసేయండి.

ఇప్పుడు వచ్చే స్క్రీన్ సోర్స్ ఏదని అడుగుతుంది. ఆ తర్వాతిది టార్గెట్ ఏదని. సోర్స్ అంటే పాతది, మీ జీవితం మొత్తం ఉన్నది. టార్గెట్ అంటే కొత్తది, తుడిచిపెట్టి రాయబోయేది. ఈ రెండూ తారుమారైతే, పాత డిస్క్‌లో ఉన్నది చెరిగిపోతుంది. రీసైకిల్ బిన్ ఉండదు, అన్‌డూ ఉండదు.

రెండేళ్ల కిందట ఒక రిటైర్డ్ మాస్టారు తన ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. వాళ్ల మేనల్లుడు వీడియో చూస్తూ ఈ పని చేశాడు. కొత్త ఎస్‌ఎస్‌డీని ముందే ఫార్మాట్ చేసి పెట్టుకున్నాడు. స్క్రీన్ మీద రెండు డిస్కులూ ఒకేలా కనిపించాయి, సైజూ ఒకటే. పైన ఉన్నది పాతదే అయ్యుంటుందని నొక్కేశాడు. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో రెండు రాత్రులు వెతికాను. కొన్ని వేల ఫొటోలు వచ్చాయి, పేర్లు లేకుండా, తేదీలు లేకుండా. వాళ్ల అమ్మాయి పెళ్లి ఫొటోల్లో చాలావాటికి పైసగం బొమ్మ, కిందిసగం బూడిదరంగు. తలంబ్రాలు పోస్తున్న చేతులు ఉన్నాయి, కింద పీటలు లేవు. మాస్టారు ఏమీ అనలేదు. వచ్చినవన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ కూర్చున్నారు. అప్పటి నుంచి ఈ స్క్రీన్ దగ్గర నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. మీరూ పాటించండి.

పాత డిస్క్ ల్యాప్‌టాప్ లోపలే ఉండాలి, కొత్తది కేబుల్ మీద బయట ఉండాలి. తిరగేసి చేయొద్దు. కొత్తదాన్ని ముందుగా ఫార్మాట్ చేయొద్దు. ఖాళీగా ఉంటే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాని గీత నల్లగా కనిపిస్తుంది, చూడగానే తెలుస్తుంది. ఫార్మాట్ చేస్తే అదీ పాతదానిలాగే పేరు, డ్రైవ్ అక్షరం పెట్టుకుని కూర్చుంటుంది.

క్లోనెజిల్లా డిస్కులను ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లతో చూపిస్తుంది. ఎస్‌డీఏ అంటే పాతది, ఎస్‌డీబీ అంటే కొత్తది అని బట్టీ పట్టవద్దు. ఆ పేర్లు డిస్కులు కనబడిన వరుసను బట్టి వస్తాయి. ఈసారి అలా ఉన్నది వచ్చేసారి ఇలా ఉండొచ్చు. వీడియోలో వాళ్లకు ఎస్‌డీఏ సోర్స్ అయినంత మాత్రాన మీకూ అదే కాదు. పెన్‌డ్రైవ్ కూడా ఇలాంటి ఒక పేరుతోనే ఉంటుంది.

సైజును మాత్రమే నమ్మవద్దు. విండోస్‌లో 931 జీబీగా కనిపించేది ఇక్కడ 1000 జీబీగా కనిపిస్తుంది. డిస్క్ అదే, లెక్కపెట్టే తీరు వేరు. అలాగే 465 అన్నది ఇక్కడ 500 అవుతుంది. ఇది తెలియక కంగారుపడి, సరిగ్గా ఎంచుకున్నదాన్ని మార్చుకున్నవాళ్లున్నారు.

మరి దేన్ని నమ్మాలి? కంపెనీ పేరునూ, మోడల్ నంబరునూ. క్లోనెజిల్లా ప్రతి డిస్క్ పక్కనా వాటిని చూపిస్తుంది. నేను చేసేది ఇది. ఎస్‌ఎస్‌డీ కేబుల్ పెట్టకుండా ఒకసారి క్లోనెజిల్లాను ఈ స్క్రీన్ దాకా తీసుకొస్తాను. పెన్‌డ్రైవ్ కాకుండా అక్కడ కనిపించే డిస్క్ ఒక్కటే, అది పాతదే. ఆ పేరూ నంబరూ కాగితం మీద రాసి 'ఇక్కడి నుంచి' అని పెడతాను. ఎస్‌ఎస్‌డీ లేబుల్ మీది నంబరు రాసి 'ఇక్కడికి' అని పెడతాను. అప్పుడు మొత్తం ఆపేసి, కేబుల్ పెట్టి మొదటి నుంచి మొదలుపెడతాను. అయిదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. యాభై సార్లు చేసినా ఈ అయిదు నిమిషాలు నేను మిగుల్చుకోలేదు.

రెండూ ఎంచుకున్నాక, టార్గెట్‌లో ఉన్నది పోతుంది, కొనసాగాలా అని ఒకటికి రెండుసార్లు అడుగుతుంది. వై కొట్టేముందు ఆ హెచ్చరికలో ఉన్న మోడల్ నంబరును కాగితంతో పోల్చండి. పైకి చదవండి, పక్కన ఎవరైనా ఉంటే వాళ్లను చదవమనండి. ఫోన్ మోగితే ముందు ఫోన్ మాట్లాడండి. ఒక్క అక్షరం తేడా అనిపించినా ఎన్ కొట్టి బయటికి రండి. అక్కడిదాకా ఏ డిస్క్‌కూ ఏమీ కాలేదు.

మిగతా ప్రశ్నలకు ఉన్న జవాబులే ఉంచండి. 300 జీబీ నిండిన డిస్క్‌కు నీలిరంగు యూఎస్‌బీ 3 పోర్టులో గంట నుంచి గంటన్నర పడుతుంది. పాత నల్ల పోర్టులో పెడితే మూడు రెట్లు. ఆ సమయంలో కేబుల్ కదిలించవద్దు.

బిగించడం

అయ్యాక షట్‌డౌన్ చేసి కేబుల్, పెన్‌డ్రైవ్ తీసేయండి. ల్యాప్‌టాప్ తిరగేసి స్క్రూలు విప్పండి. పొడవువీ పొట్టివీ ఉంటాయి, ఏది ఎక్కడిదో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మూత ఊడకపోతే పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో మెల్లగా లేపండి, స్క్రూడ్రైవర్‌తో కాదు. ముందు బ్యాటరీ వైరు తీయండి. పాత డిస్క్‌కున్న రేకు కొత్తదానికి మార్చి, సాకెట్‌లోకి నెట్టి, మూత వేయండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ ఎక్కడా కలిపి ఉండకూడదు. రెండూ అచ్చు గుద్దినట్టు ఒకటే కాబట్టి, ఏది ఏదో విండోస్‌కు తెలియక తికమకపడుతుంది. విండోస్ పైకి వచ్చి మీ ఫైళ్లు తెరుచుకున్నాయంటే పని అయినట్టే. ఆఫ్ చేసిన ఎన్‌క్రిప్షన్ ఇప్పుడు మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. డీఫ్రాగ్ ప్రోగ్రామ్‌లు (హార్డ్ డిస్క్‌లో చెల్లాచెదురైన ఫైళ్లను సర్దేవి) ఏవైనా వేసి ఉంటే తీసేయండి, ఎస్‌ఎస్‌డీకి కావాల్సింది విండోస్ తనంతట తానే చేసుకుంటుంది.

పాత డిస్క్‌ను ఆ రోజే ఫార్మాట్ చేసి ఎక్స్‌టర్నల్‌గా వాడేద్దామని అనిపిస్తుంది. నెల రోజులు ఆగండి. మీరు ఎప్పుడో కానీ తెరవని ఫైళ్లు కూడా ఈ నెలలో కొత్తదాంట్లో ఒక్కసారి తెరిచి చూడండి. పాతదాన్ని ఎస్‌ఎస్‌డీ వచ్చిన డబ్బాలోనే పెట్టి, పైన తేదీ, 'పాతది, ముట్టుకోవద్దు' అని రాసి, పిల్లల చేతికి అందని అలమరాలో పెట్టండి.