వర్క్ అండ్ హాలిడే వీసాతో ఆస్ట్రేలియాలో వృత్తి ఉద్యోగం వెతకడం ఎలా?

భారతీయులకు ఆస్ట్రేలియా ఇచ్చే వర్క్ అండ్ హాలిడే వీసా, అంటే సబ్‌క్లాస్ 462, ఏడాదికి 1,000 మందికే, అదీ 18 నుంచి 30 ఏళ్ల వయసువారికి, లాటరీ పద్ధతిలో దక్కుతుంది. ఈ వీసాతో వెళ్లినవారు పండ్ల తోటలకో కెఫేలకో పరిమితం కానక్కర్లేదు గానీ, ప్రత్యేక అనుమతి లేనిదే ఒకే యజమాని దగ్గర 6 నెలలకు మించి పనిచేయకూడదన్న షరతు ఉన్నందున, శాశ్వత ఉద్యోగాలకు దరఖాస్తులు పంపడం చాలావరకు వృథా ప్రయాసే.

కాబట్టి ‘సీక్’ వంటి ఉద్యోగాల వెబ్‌సైట్లలో కాంట్రాక్టు, తాత్కాలిక పోస్టులనే వెతకాలి; అంతకంటే మేలైన దారి, రిక్రూట్‌మెంట్ ఏజెన్సీలకు నేరుగా ఫోన్ చేసి మాట్లాడటం. అక్కడ ఆర్థిక సంవత్సరం జూన్ 30న ముగుస్తుంది గనుక అకౌంటెంట్లు ఏప్రిల్, మే నెలల్లోనే ప్రయత్నాలు మొదలుపెట్టడం మంచిది. రెజ్యూమేలో పేరు కిందనే “సబ్‌క్లాస్ 462, ఫలానా తేదీ వరకు పనిచేసే హక్కు ఉంది, వెంటనే చేరగలను” అని రాసి, ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, మనవాళ్లు అలవాటుగా చివర్లో చేర్చే డిక్లరేషన్ తీసేయండి. నర్సులు మాత్రం అక్కడి ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ ‘ఆఫ్రా’ రిజిస్ట్రేషన్ లేనిదే ఆ వృత్తిలో చేరలేరు. ఆ రిజిస్ట్రేషన్ పని బయలుదేరక ముందే మొదలుపెట్టాలి. మన పాన్ లాంటి ట్యాక్స్ ఫైల్ నంబరు ఉచితంగానే ఇస్తారు, దానికోసం మధ్యవర్తులకు డబ్బు కట్టకండి.