ఎండోమెట్రియోసిస్ మందు పనిచేస్తోందా? గోడ క్యాలెండర్ మీద రాసుకోండి

డేట్ వచ్చిన ప్రతిసారీ కడుపు మెలిపెట్టి మంచం దిగలేని అమ్మాయికి మన శ్రీకాకుళం వైపు ఇంట్లో చెప్పే మాట ఒకటే, పెళ్ళయితే సర్దుకుంటుందని. పెళ్ళయ్యాక, ఒక బిడ్డ పుడితే సర్దుకుంటుందంటారు. సర్దుకోక డాక్టరు దగ్గరకెళ్తే, స్కానింగ్‌లో చాక్లెట్ సిస్ట్ (అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తి) కనపడో, ఏమీ కనపడకపోయినా లక్షణాలను బట్టో మందు మొదలవుతుంది. స్కానింగ్ నార్మల్ అని వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు.

గర్భసంచి లోపలి పొరలాంటిది బయట, అండాశయాల మీదా పేగుల మీదా పెరగడమే ఈ ఎండోమెట్రియోసిస్ జబ్బు. ఏ మాత్రా దాన్ని పూర్తిగా పోగొట్టదు, అణిచి ఉంచుతుంది, ఆపేస్తే చాలామందికి నొప్పి తిరిగొస్తుంది. అందుకే మందు పనిచేస్తోందో లేదో స్కానింగ్ కంటే మీ రోజులే బాగా చెబుతాయి.

దానికి యాప్ అక్కర్లేదు. పాలు, గ్యాస్ బండ రాసుకునే గోడ క్యాలెండర్ చాలు. రోజూ రాత్రి ఆ తేదీ గడిలో నొప్పికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె, వేసుకున్న నొప్పి మాత్రలకు అన్ని గీతలు, రక్తం కనిపిస్తే ఎర్ర చుక్క, పని మానేస్తే 'ప', నిద్ర పట్టకపోతే 'ని'. కలయికలో నొప్పికీ, దొడ్డికి వెళ్ళినప్పటి నొప్పికీ ఇంట్లోవాళ్ళకి అర్థం కాని గుర్తులు పెట్టుకోండి, కానీ రాయడం మానెయ్యకండి, డాక్టరుకి ఎక్కువ పనికొచ్చేవి అవే. ఓపీలో వెనక అంతమంది కూర్చుని ఉంటే "ఎలా ఉందమ్మా" అన్నప్పుడు "పర్లేదండి" అనేసి వచ్చేస్తాం కదా, ఈ క్యాలెండర్ ఫోటో తీసుకెళ్ళి చూపిస్తే ఆ బాధ లేదు. పరిశోధనల్లో వాడే ఈహెచ్‌పీ-30 అనే 30 ప్రశ్నల పత్రం అడిగేది కూడా ఇంచుమించు ఇలాంటివే, నొప్పి వల్ల ఆగిన పనులు, మనసు కుంగడం, పక్కన తోడుందా లేదా అని.

నొప్పి మాత్రల విషయంలో మాత్రం మనవాళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్ లాంటివి నొప్పి మొదలవగానే వేసుకుంటే బాగా పనిచేస్తాయి, ఏదో ఒకటి తిన్నాకే వేసుకోండి, కానీ ఇవి కిడ్నీల మీద భారం వేస్తాయి. కవిటి, సోంపేట, పలాస, ఉద్దానం ఊళ్ళలో కిడ్నీ జబ్బు సంగతి మనకి ఒకరు చెప్పాలా! నెలనెలా ఇవి మింగేవాళ్ళు ముందు కిడ్నీల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోండి, ఇంట్లో కిడ్నీ రోగి ఉంటే ఆ మాట డాక్టరుకి తప్పక చెప్పండి. మాత్ర వేసుకున్నాక ఒంటి మీద దద్దుర్లు, జ్వరం వస్తే ఆపేసి వెళ్ళి చూపించుకోవాలి.

ఇక హార్మోన్ మందులు. ఎక్కువగా రాసేది డైనోజెస్ట్ 2 మిల్లీగ్రాములు, రోజూ ఒకే వేళకి, మధ్యలో గ్యాప్ లేకుండా. మొదటి రెండు మూడు నెలలు చుక్కచుక్కగా రక్తం కనిపించడం మామూలే, అక్కడే టెన్షన్ పడి చాలామంది మానేస్తారు. దాన్ని గర్భనిరోధకంగా నమ్ముకోకండి, కండోమ్ వాడాలి. మనసు బాగా దిగులుగా ఉంటే అదీ క్యాలెండర్లో రాసి డాక్టరుకి చెప్పండి, మందు వల్ల కావచ్చు. పైడితల్లమ్మ పండక్కి డేట్ వాయిదా వెయ్యడానికి షాపులో కొనే నోర్‌ఎథిస్టిరోన్ కూడా ఈ జబ్బుకి వాడే మందే, అలాగని దాన్ని మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. గర్భనిరోధక మాత్రలు రాస్తే బీపీ, గతంలో రక్తం గడ్డకట్టడం, కళ్ళముందు మెరుపులతో వచ్చే తలనొప్పి ఉన్నాయేమో ముందే చెప్పండి. ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ గట్టిదే కానీ ఒంట్లో ఆవిర్లు, ఎముకలు పలచబడడం ఉంటాయి, తోడుగా వేరే హార్మోన్ ఇవ్వకుండా సాధారణంగా 6 నెలలు దాటించరు.

పిల్లలు కావాలనుకుంటుంటే మొదటి రోజే ఆ మాట చెప్పాలి. ఈ హార్మోన్లు వాడుతున్నంతకాలం గర్భం రావడం కష్టమే తప్ప, తర్వాత త్వరగా రావడానికి ఇవేమీ సాయపడవు, అప్పుడు దారి వేరు.

మూడు నెలలయ్యాక మొదటి నెల కాగితాన్నీ మూడో నెల కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అంకెలు తగ్గి 'ప'లు తగ్గితే కొనసాగించొచ్చు. తగ్గకపోతే మందు మార్చమని, లేదా లాప్రోస్కోపీ (పొట్ట మీద చిన్న గాట్లు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్) సంగతి ఏమిటని నోరు తెరిచి అడగండి. ఈలోపు ఉన్నట్టుండి భరించలేని నొప్పితో జ్వరమో వాంతులో వస్తే మూడు నెలలు ఆగక్కర్లేదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళిపోండి.