గజ్జలో నొప్పి, ఎక్స్‌రే మాత్రం నార్మల్: ఏవీఎన్‌ను ముందే పట్టుకోండి

తుంటి కీలు పాడైతే నొప్పి ఎక్కువగా గజ్జలో మొదలై, తొడ మీదుగా మోకాలి దాకా దిగుతుంది. అందుకే కొందరు నెలల తరబడి మోకాలికే మందులు వాడుతుంటారు. గజ్జ నొప్పి వారాలైనా తగ్గకపోయినా, కాలు లోపలివైపు తిప్పితే పట్టేసినా ఏవీఎన్ (అవాస్క్యులర్ నెక్రోసిస్) ఉందేమో చూపించుకోవాలి. తొడ ఎముక తలభాగానికి, అంటే తుంటి కీలులో తిరిగే బంతికి, రక్తం అందక ఎముక చచ్చిపోవడమే ఈ జబ్బు. వయసు చిన్నదే కదా అని కొట్టిపారేయకండి, ఇది 30-50 ఏళ్ల వాళ్లలోనే ఎక్కువ.

డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పాల్సినవి: గతంలో తుంటి విరగడం లేదా కీలు జారడం, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడటం, మద్యం అలవాటు, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాల జబ్బు), లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు). స్టెరాయిడ్ ఇంకా వాడుతుంటే భయపడి మీ అంతట మీరు ఆపేయొద్దు, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదకి వస్తుంది.

ఇక అసలు సంగతి. మొదటి దశలో ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు, 'అంతా బాగుంది' అని పంపేస్తారు, ఆ తర్వాత వృథాగా గడిచే కాలమే ఖరీదైన కాలం. నొప్పి పోకపోతే ఎమ్మారై అడగండి, అదీ రెండు తుంట్లకీ, ఎందుకంటే దెబ్బ వల్ల రాని ఏవీఎన్ చాలాసార్లు రెండో వైపు కూడా నొప్పి లేకుండానే మొదలై ఉంటుంది.

రిపోర్టు చేతికొచ్చాక డాక్టర్‌ని మొట్టమొదట అడగాల్సింది ఒక్కటే: బంతి కుంగిందా, లేదా? కుంగకపోతే కోర్ డీకంప్రెషన్‌కి అవకాశం ఉంటుంది. ఎముకలోకి సన్నగా రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గిస్తారు, కొన్నిసార్లు ఎముక ముక్క కూడా అమరుస్తారు. అందరికీ పనిచేస్తుందని కాదు, పాడైన భాగం ఎంత చిన్నదైతే ఫలితం అంత బాగుంటుంది. ఎముక కరగడాన్ని తగ్గించే బిస్ఫాస్ఫోనేట్ మాత్రలు కొందరు డాక్టర్లు రాస్తారు గానీ వాటి ఫలితాలు అధ్యయనాల్లో ఒకేలా రాలేదు, కాబట్టి కేవలం వాటినే నమ్ముకుని స్కాన్‌లు మానేయకండి.

బంతి కుంగి కీలు అరిగిపోయిందంటే మాత్రం తుంటి మార్పిడే చాలామందికి నొప్పి తీర్చే దారి. చిన్న వయసులో చేయించుకుంటే ముందుముందు మరోసారి మార్చాల్సి రావచ్చు, అది ముందే మాట్లాడుకోండి. ఈలోగా బరువులు, పరుగులు, గెంతులు మానేసి, చేతికర్రను నొప్పి లేని వైపు చేతిలో పట్టుకుని నడవండి.