ఒళ్లునొప్పులకి తోడు నిలబడితే గుండెదడా? ఇంట్లోనే ఇలా టెస్ట్ చేసి రాసుకోండి

ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా, మైగ్రేన్, కీళ్లు మరీ వదులుగా ఉండే ఈడీఎస్ లాంటివి ఉన్నవాళ్లలో కొందరికి పాట్స్ (POTS, లేచి నిలబడితే గుండె వేగం మరీ పెరిగిపోయే సమస్య) కూడా ఉంటుంది. కానీ లేవగానే గుండె దడదడలాడుతోంది, కళ్లు బైర్లు కమ్ముతున్నాయి అని చెప్తే నొప్పులవల్లేలే, టెన్షన్ పడకు అని పంపించేస్తారు, అందుకే నోటిమాటగా కాకుండా నెంబర్లు పట్టుకెళ్లండి.

బీపీ మిషన్ ఒకటుంటే చాలు, పల్స్ కూడా అదే చూపిస్తుంది. పొద్దున్నే కాఫీ తాగకముందు 10 నిమిషాలు కదలకుండా పడుకుని పల్స్, బీపీ రాయించండి. తర్వాత లేచి వీపు గోడకి ఆనించి, మడమలు గోడకి ఆరేడు అంగుళాల ముందు పెట్టి 10 నిమిషాలు నిలబడాలి, కాళ్లు కదపకూడదు, కబుర్లు చెప్పకూడదు, రెండేసి నిమిషాలకి ఒకసారి పక్కవాళ్లు రీడింగ్ రాయాలి. ఒంటరిగా మాత్రం వద్దు, పడిపోతారు. కళ్లు తిరిగితే అక్కడితో ఆపేసి పడుకోండి. దీన్నే నాసా లీన్ టెస్ట్ అంటారు.

పడుకున్నప్పటికంటే పల్స్ 30 లేదా ఇంకా ఎక్కువ పెరిగి అలాగే ఉండి, బీపీ పెద్దగా పడకపోతే పాట్స్ అనుమానించాలి, 12 నుంచి 19 ఏళ్ల పిల్లలకైతే 40. పై బీపీ 20 పడితే అది వేరే సమస్య, నిలబడితే బీపీ పడిపోవడం. వేర్వేరు రోజుల్లో చేసి, ఎన్ని నెలల్నుంచి ఉందో కూడా రాసి కార్డియాలజిస్ట్‌కి చూపించండి, రక్తహీనత, థైరాయిడ్ టెస్టులు, ఈసీజీ అడగండి. నొప్పులకి వాడే అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ కూడా పల్స్ పెంచొచ్చు కాబట్టి మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి, సొంతంగా మాత్రం ఆపకండి.

ఇక మన వైజాగ్ ఉక్కపోత. వేడికి రక్తనాళాలు సాగి రక్తం కాళ్లలోనే ఉండిపోతుంది, పైగా చెమటకి నీళ్లూ ఉప్పూ పోతాయి. రోజుకి 2-3 లీటర్ల నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ, గంజి మంచివే, కానీ బీపీ, కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్ని అడక్కుండా ఉప్పు పెంచొద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం, దానిమీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. వేణ్నీళ్ల స్నానం వద్దు, స్టూల్ మీద కూర్చునే పోసుకోండి.

టైట్ సాక్సులు నడుందాకా ఉండేవి మంచివంటారు, ఒళ్లు ముట్టుకుంటేనే నొప్పి అనేవాళ్లకి పొట్ట బెల్ట్ కొంచెం నయం. బీచ్ రోడ్డులో వాకింగ్‌తో మొదలెట్టకండి, పడుకుని కాళ్లెత్తడం నుంచి మెల్లగా పెంచండి, ఒక్కరోజు ఎక్కువ చేస్తే నొప్పులు తిరగబెడతాయి. కేజీహెచ్ ఆస్పత్రి ఓపీలోనైనా సింహాచలం దర్శనంలోనైనా లైన్లో నిలబడాల్సొస్తే కాళ్లు క్రాస్ చేసి పిక్కలు, తొడలు బిగించండి, తగ్గకపోతే మొహమాటపడకుండా అక్కడే కింద కూర్చోండి. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పొచ్చినా ఇవేవీ చూస్తూ కూర్చోకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.