నుమాయిష్‌లో మొదటిసారి స్టాల్ పెడుతున్న చేనేతవాళ్లకు

హైదరాబాద్‌లో ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్, నాంపల్లి నుమాయిష్, మామూలుగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది. 46 రోజులు. నాలుగు రోజుల సంతకు వెళ్లినట్టు సరుకు సర్దుకొచ్చినవాళ్లు సంక్రాంతి దాటేసరికి ఇబ్బంది పడతారు. మంచి రంగులన్నీ మొదటి వారాల్లోనే అమ్ముడైపోతాయి. మిగిలినవాటిని ముందేసుకుని ఇంకో నెల అద్దె స్టాల్లో కూర్చోవాలి. అందుకే సరుకును మూడు వంతులు చేసి ఒక వంతే ముందు తీసుకెళ్లండి. ఏ రంగు అడుగుతున్నారో చూసుకుని మిగతాది తెప్పించుకోవచ్చు.

మంగళగిరి, వెంకటగిరి వైపు నుంచి వచ్చేవాళ్లు జీఎస్టీ సంగతి డిసెంబరులోనే తేల్చుకోండి. వేరే రాష్ట్రంలో అమ్మకానికి క్యాజువల్ ట్యాక్సబుల్ పర్సన్‌గా (అంటే అక్కడ కొద్దిరోజులే అమ్మే వ్యాపారిగా) నమోదు కావాలంటే, అమ్మకం మొదలుపెట్టడానికి కనీసం 5 రోజుల ముందు దరఖాస్తు చేయాలి, అంచనా పన్ను ముందే కట్టాలి. చేతివృత్తుల సరుకులో కొన్నింటికి మినహాయింపు ఉంది. మీది ఆ జాబితాలో ఉందో లేదో మీ ఆడిటరును అడగండి, పక్క స్టాల్ వాళ్ల మాట నమ్ముకుని రాకండి.

నిప్పు విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. 2019 జనవరి 30 రాత్రి అక్కడే మంటలు లేచి ఎన్నో స్టాళ్లు బూడిదయ్యాయి. ప్రాణాలు దక్కాయి గానీ, అప్పు తెచ్చి నింపిన సరుకు చాలామందికి కళ్లముందే కాలిపోయింది. మనం పెట్టేది నూలు, పట్టు. వేడెక్కే హాలోజన్ దీపాలు వద్దు, ఎల్ఈడీలే పెట్టండి. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు దీపాలు, ఫ్యాను, ఫోన్ ఛార్జర్లు అన్నీ తగిలించకండి. రాత్రి స్టాల్ మూసేటప్పుడు మెయిన్ కట్టేసి వెళ్లండి. ఆ 46 రోజులకూ సరుకుకు బీమా చేయించండి. ఆ ప్రీమియం దండగ అనుకోవద్దు.

దీపాల మాటే ఇంకొకటి. పసుపు వెలుగులో నీలం చీర నల్లగా కనబడుతుంది. మొదటి ఏడాది నా దగ్గర కొన్న ఒకావిడ, మర్నాడు ఎండలో రంగు చూసుకుని వెనక్కి తెచ్చింది. తప్పు నాదే. తెల్లని వెలుగు పెట్టుకోండి.

సాయంత్రం రద్దీలో ఫోన్ సిగ్నల్ తడబడుతుంది. డబ్బు పంపామని ఎవరైనా స్క్రీన్ చూపిస్తే దాన్ని నమ్మి చీర ఇచ్చేయకండి, మీ ఖాతాలో పడిందో లేదో చూసుకోండి. చిల్లర దగ్గరుంచుకోండి.

నా మటుకు, అన్నిటికన్నా ఎక్కువ నష్టం మధ్యాహ్నం జరుగుతుంది. జనం పలచగా ఉంటారు కదా అని మనం భోజనం చేస్తూనో, ఫోన్ చూస్తూనో ఉంటాం. బొటీక్ నడిపేవాళ్లు, చీరల షాపులవాళ్లు తీరిగ్గా వచ్చేది అప్పుడే. ఏమీ కొనరు, అంచు తిప్పి చూస్తారు, నేత అడుగుతారు. లేచి నిలబడి చెప్పండి. కొనని మనిషని విసుక్కోకండి, ఏడాదంతా మగ్గానికి పని ఇచ్చేది వాళ్లే. పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఏ చీర దగ్గర ఆగారో నోటుబుక్కులో రాసుకోండి.

ఆర్డరు ఇస్తామన్నారని ఉత్సాహంలో తేదీ చెప్పేయకండి. పడుగు, అంటే మగ్గం మీది నిలువు దారాలు, ఒకసారి వేశాక దానిమీద దిగే చీరలన్నిటికీ ఆ రంగే పునాది. మధ్యలో మార్చమంటే కుదరదు, మళ్లీ అద్దకం, మళ్లీ పడుగు. ఇంటికి ఫోన్ చేసి ఏ మగ్గం ఎప్పుడు ఖాళీ అవుతుందో కనుక్కున్నాకే మాటివ్వండి. వానలు పడితే అద్దిన నూలు ఆరదు, ఆ రోజులూ కలుపుకోండి. ఆలస్యమవుతుందని ముందే చెబితే షాపువాళ్లు ఆగుతారు, మాట తప్పితే మళ్లీ రారు.

ఆఖరి రోజు మూటలు కట్టేటప్పుడు ఆ నోటుబుక్కును చేతిసంచీలో పెట్టుకోండి. మూటలో పడితే అవి విప్పేదాకా దాని జోలికి వెళ్లం, ఆలోగా ఆ షాపులవాళ్లు వేరేచోట కొనేస్తారు. బస్సులో కూర్చోగానే మొదటి ఫోన్ చేయండి.